హోటల్ తనిఖీలో ఎవరూ అడగని రిజిస్టరు

తెల్లవారి అయిదున్నర. మా కాలనీ మలుపులో ఉన్న టిఫిన్ సెంటర్ షట్టర్ ఇంకా సగమే లేచింది. వాకింగ్ ముగించుకుని టీ కోసం అటు నడిచాను. పక్క గల్లీలో డ్రైనేజీ మూత దగ్గర ఓ కుర్రాడు గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. ముఖం పీక్కుపోయింది, పెదాలు ఎండిపోయాయి. రోజూ లోపల గ్రైండర్ దగ్గర కనిపించే కుర్రాడే.

"ఏమైంది బాబూ?" అన్నాను.

"రాత్రి నుంచి మోషన్స్ సార్. ఆరేడుసార్లు అయినయి."

"మరి పనికెందుకు వచ్చినవ్? పండుకోకపోయినవా?"

"రాకుంటే పైసలు కోస్తరు సార్. నిన్న ఒకడు ఊరికి పోయిండు. నేను గూడ లేకుంటే చట్నీ ఎవరు పడ్తరు?"

లోపలి నుంచి ఎవరో కేకేశారు. లేచాడు. గోడకున్న నల్లా తిప్పి చేతులు తడుపుకున్నాడు. అక్కడ సబ్బు లేదు. భుజం మీది తువ్వాలుకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఏడింటికల్లా ఆ సెంటర్ ముందు జనం ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో స్కూలు యూనిఫాం వేసుకున్న పిల్లలూ ఉన్నారు.

ఆ రోజు నేనక్కడ తినలేదు. తినబోతున్నవాళ్లకు చెప్పనూ లేదు. చెబితే ఆ కుర్రాడి పని ఊడుతుందని భయం. చెప్పకపోతే ఆ పిల్లలకు ఏమవుతుందోనని భయం. ఇంటికొచ్చాక కూడా ఆ బాధ వదల్లేదు. ఇద్దరిలో ఎవరో ఒకరి పక్షాన నిలబడక తప్పని పరిస్థితి ఎవరు తెచ్చారు? దీనికి చట్టంలో జవాబు లేదా? వెతికితే ఉంది. 1988 నుంచీ ఉంది. దాన్ని అడిగేవాళ్లే లేరు.

హైదరాబాద్‌లో 2024 వేసవి నుంచి హోటళ్ల తనిఖీలు ఎంత జోరుగా సాగాయో అందరం చూశాం. తెలంగాణ ఫుడ్ సేఫ్టీ విభాగం టాస్క్‌ఫోర్స్ బృందాలు పేరున్న బిర్యానీ హోటళ్ల నుంచి బేకరీలు, హాస్టల్ మెస్‌ల దాకా దిగాయి. ఎక్కడేం దొరికిందో ఫొటోలతో సహా సోషల్ మీడియాలో పెట్టాయి. తేదీ దాటిన ప్యాకెట్లు, లేబుల్ లేని మసాలాలు, మూత లేని చెత్తడబ్బాలు, వండిన పదార్థాలూ పచ్చి మాంసమూ ఒకే ఫ్రిజ్‌లో, బొద్దింకలు. అలాంటి ఫొటో చూశాక కొన్నాళ్లు బయటి తిండి మీద మనసు పోదు. ఆ బృందాలు మంచి పనే చేశాయి. అంతకుముందు పెద్ద హోటల్ అంటే శుభ్రమైన హోటల్ అనుకునేవాళ్లం, ఆ భ్రమ పోయింది.

ఆ పోస్టుల్లో తరచూ కనిపించే వాక్యం ఇంకొకటుంది. సిబ్బంది మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు అందుబాటులో లేవు, అని. బొద్దింక ఫొటో పక్కన అదో చిన్న లోపంలా కనిపిస్తుంది, చదివేసి ముందుకెళ్లిపోతాం. నా దృష్టిలో మొత్తం తనిఖీలో అన్నిటికంటే పెద్ద విషయం అదే. అయితే అడగాల్సిన కాగితం ఆ సర్టిఫికెట్ కాదు.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాన్లో 26వ సెక్షన్ ఆహార వ్యాపారి బాధ్యతలు చెబుతుంది. అంటువ్యాధి ఉన్న మనిషిని ఏ ఆహార వ్యాపారీ పనిలో పెట్టుకోకూడదని అందులో స్పష్టంగా రాసుంది. 2011లో వచ్చిన లైసెన్సింగ్ నిబంధనల నాలుగో షెడ్యూలు ఇంకా వివరంగా వెళ్తుంది. ఏటా ఒకసారి వైద్య పరీక్ష చేయించాలి, టైఫాయిడ్ లాంటి పేగు జబ్బులకు టీకా వేయించాలి, జబ్బుగా ఉన్నవాళ్లనూ చేతికి పుండ్లు, కాలిన గాయాలు ఉన్నవాళ్లనూ తిండి ముట్టుకోనివ్వకూడదు, చేతులు కడుక్కోవడానికి సబ్బూ నీళ్లూ ఉంచాలి. తినేవాడి వైపు నుంచి చూస్తే ఇందులో వంక పెట్టాల్సిందేమీ లేదు.

ఇప్పుడు ఆ కుర్రాడి వైపు నుంచి చదవండి. జబ్బు చేస్తే నిన్ను పనిలో ఉంచకూడదు అంటోంది చట్టం. ఉంచకపోతే ఆ రోజు కూలి ఎవరిస్తారో చెప్పడం లేదు. నయమయ్యాక మళ్లీ పనిలోకి తీసుకోవాలనీ చెప్పడం లేదు. అలాంటప్పుడు అతనేం చేస్తాడు? దాచిపెడతాడు. తిండిని కాపాడడానికి రాసిన నిబంధన, కూలి సంగతి పట్టించుకోకపోవడం వల్ల జబ్బును వంటగదిలోనే దాచిపెట్టిస్తోంది. దీని అర్థం ఆహార చట్టం చెడ్డదని కాదు. అది మనిషిని సగమే చూసింది. రెండో సగం చూడాల్సిన చట్టం వేరే శాఖ దగ్గరుంది.

ఆ చట్టం పేరు దుకాణాలు, సంస్థల చట్టం, 1988. రాష్ట్రం విడిపోకముందు వచ్చింది కాబట్టి తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ మూలం అదే. రెస్టారెంట్లు, భోజనశాలలు, లాడ్జీలు దాని పరిధిలోకే వస్తాయి. వారానికి 48 గంటలకు మించి పని చేయిస్తే అదనపు గంటలకు రెట్టింపు కూలి, వారానికో సెలవు, ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లకు 15 రోజుల ఆర్జిత సెలవు ఇందులో ఉన్నాయి. వీటితోపాటు 30వ సెక్షన్‌లో ఇంకొకటుంది. ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో కూడిన సుస్తీ సెలవు. మరో 12 రోజుల వరకు క్యాజువల్ సెలవు. అంటే విరేచనాలైన రోజున ఇంట్లో పడుకుని ఆ రోజు జీతం తీసుకునే హక్కు ఆ కుర్రాడికి అతను పుట్టకముందే ఉంది.

ఈ మాట హోటల్లో పనిచేసే ఎవరికైనా చెప్పి చూడండి, నవ్వుతారు. సప్లయర్లకు, టేబుల్ తుడిచేవాళ్లకు, గిన్నెలు కడిగేవాళ్లకు జీతం అంటే రోజులెక్కే. నెలకింత అని మాట్లాడుకున్నా, రాని రోజుకు కోత. చాలాచోట్ల అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు, హాజరు ఓ నోటుబుక్కులో ఉంటుంది. సెలవుల రిజిస్టరు అనే మాటే వినుండరు. లేబర్ అధికారి వస్తే చూపించడానికి ఏదో ఒకటి ఉంటుందేమో. ఫుడ్ సేఫ్టీ అధికారి మాత్రం దాన్ని అడగరు. అది ఆయన పని కాదు. ఆయన ఫ్రిజ్ తెరిచి చూస్తారు. లేబర్ అధికారి ఫ్రిజ్ తెరవరు. ఒకే వంటగదిలోకి వేర్వేరు రోజుల్లో వచ్చే ఈ ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు చూడరు.

జబ్బు చేతుల సంగతి ఎందుకింతగా చెబుతున్నానంటే, తిండి విషమయ్యే దారుల్లో మనం చూడలేనిది అదే. మిగతావి కొంతవరకు కంటికి కనిపిస్తాయి, ముక్కుకు తెలుస్తాయి. వేడి పదార్థం 60 డిగ్రీల పైన ఉండాలి, చల్లటిది 5 డిగ్రీల లోపు ఉండాలి అన్నది థర్మామీటరు పెట్టి చూడొచ్చు. ఒకే నూనెను మళ్లీమళ్లీ మరిగించారా అన్నదానికీ పరీక్ష ఉంది. నూనె మళ్లీమళ్లీ కాగితే పుట్టే పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే దాన్ని వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన అమల్లో ఉంది. కడుపు జబ్బు తెచ్చే నోరోవైరస్ అలా కాదు. వాంతులు, విరేచనాలు తగ్గాక కూడా రోజుల తరబడి మనిషి నుంచి బయటికొస్తూనే ఉంటుంది. అందుకే లక్షణాలు పోయాక మరో 48 గంటలు వంటగదికి దూరంగా ఉండాలని చాలా దేశాల్లో చెబుతారు. వేలి మీద చిన్న సెగ్గడ్డ ఉన్న మనిషి చేత్తో కలిపిన పదార్థంలోకి స్టెఫైలోకాకస్ అనే క్రిమి చేరితే, అది వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. టైఫాయిడ్ తగ్గి ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషి కూడా నెలల పాటు ఆ క్రిమిని మోస్తూ ఉండొచ్చు. చట్నీ, రైతా, కోసిన ఉల్లిపాయ, నిమ్మబద్ద, మయోనీజ్ లాంటివాటిని చేత్తో ముట్టుకున్నాక మళ్లీ పొయ్యి మీద పెట్టరు. మన ప్లేటులో పక్కన పెట్టేవన్నీ అవే.

అమెరికాలో వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2017 నుంచి 2019 వరకు రెస్టారెంట్లలో మొదలైన 800 ఫుడ్ పాయిజనింగ్ ఘటనలను పరిశీలించి 2023లో నివేదిక ఇచ్చింది. కారణం తేలినవాటిలో దాదాపు 40 శాతం ఘటనల్లో జబ్బుతో పనిచేసిన సిబ్బంది పాత్ర ఉందని తేలింది. జబ్బు చేస్తే చెప్పాలన్న నియమం చాలా రెస్టారెంట్లలో ఉంది. జబ్బు రోజుకు జీతమిచ్చేవి మాత్రం సగం కూడా లేవు. అక్కడ దేశమంతటికీ కలిపి జీతంతో కూడిన సుస్తీ సెలవు చట్టం లేదు, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూజెర్సీలో దోసెలు పోసే మనవాళ్లకు 30 గంటల పనికి ఒక గంట చొప్పున, ఏడాదికి 40 గంటల దాకా సెలవు జమవుతుంది. టెక్సాస్‌లో అదే దోసె పోసేవాళ్లకు అలాంటి రాష్ట్ర చట్టం లేదు. మనకు ఏడాదికి 12 రోజులు రాసిపెట్టిన చట్టం ఉండి కూడా ఆ లెక్క లేని టెక్సాస్‌లాగే బతుకుతున్నాం.

2024 అక్టోబరు చివరి వారం సంగతి గుర్తుండే ఉంటుంది. బంజారాహిల్స్ నందినగర్‌లో ఓ స్టాల్ దగ్గర మోమోలు తిని పదుల మంది ఆస్పత్రుల పాలయ్యారు, ఒక మహిళ చనిపోయారు. ఆ స్టాల్‌కు ఆహార లైసెన్సు లేదని, పిండి నిల్వచేసిన ఫ్రిజ్ తలుపు విరిగి ఉందని తనిఖీలో తేలింది. నడిపినవాళ్లను అరెస్టు చేశారు. కొద్ది రోజుల్లోనే, అక్టోబరు 30న, పచ్చిగుడ్డుతో చేసే మయోనీజ్‌ను రాష్ట్రమంతటా ఏడాదిపాటు నిషేధించారు. ఆహార భద్రత కమిషనర్‌కు ఆహార చట్టంలోని 30వ సెక్షన్ ఇచ్చే నిషేధ అధికారం అంతవరకే, ఒక పదార్థాన్ని గరిష్ఠంగా ఒక ఏడాది ఆపడం. కేరళ కూడా 2023 జనవరిలో ఇలాగే పచ్చిగుడ్డు మయోనీజ్‌ను ఆపింది. నిషేధం సరైనదే. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటే మన ఎండలకు గంటల్లో పెరిగిపోతుంది. అయితే ఒక పదార్థాన్ని ఆపితే ఆ పదార్థమే ఆగుతుంది. దాన్ని కలిపిన చేయి రేపు ఇంకోటి కలుపుతుంది.

కేరళ ఒక అడుగు ముందుకేసి చూసింది. 2022 మే నెలలో కాసరగోడ్ జిల్లా చెరువత్తూర్‌లో షవర్మా తిన్న ఓ విద్యార్థిని మరణం, ఆ తర్వాత మరికొన్ని ఘటనలతో కదిలి, హోటల్ సిబ్బంది అందరికీ హెల్త్ కార్డు తప్పనిసరి అంది. గడువు మీద గడువు పెంచాల్సి వచ్చింది. పరీక్షలు చేయకుండానే కార్డులిస్తున్నారని బయటపడి డాక్టర్ల మీద చర్యలూ తీసుకోవాల్సి వచ్చింది. ఎందుకలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. ఆ కార్డు కూలివాడికి పని దొరికే టికెట్. పరీక్షలో జబ్బు బయటపడితే పోయేది అతని కూడు. అలాంటి పరీక్షను ఎవరు నిజాయితీగా చేయించుకుంటారు? పైగా ఏడాదికోసారి పరీక్షంటే ఆ ఒక్క రోజు సంగతే తెలుస్తుంది. మిగతా 364 రోజుల్లో అర్ధరాత్రి మొదలైన విరేచనాలను ఏ కార్డూ పట్టుకోదు. వాటిని చెప్పగలిగేది ఆ మనిషి నోరొక్కటే. ఆ నోరు తెరుచుకోవాలంటే చెప్పినందుకు నష్టం లేదన్న నమ్మకం కావాలి.

ఇక్కడ కార్మికుల బీమా పథకం ఈఎస్ఐ ఉంది కదా అనొచ్చు. పది మంది లేదా అంతకు మించి పనిచేసే హోటళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది, నెలకు 21 వేల లోపు జీతగాళ్లకు. జీతంలో యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడతారు. జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం జీతం వస్తుంది. వినడానికి ఎంతో బాగుంది. అయితే కొత్తగా చేరినవాడికి మొదటి తొమ్మిది నెలలు సుస్తీ డబ్బు రాదు. ఆ తర్వాత కూడా ఆరు నెలల్లో కనీసం 78 రోజుల చందా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతి జబ్బులో మొదటి రెండు రోజులకు డబ్బుండదు. పదిహేను రోజుల్లోపే మళ్లీ జబ్బు పడితే తప్ప. కడుపులో జబ్బు సాధారణంగా రెండు మూడు రోజులే ఉంటుంది. వంటగదికి అతి ప్రమాదకరమైనవీ ఆ రెండు మూడు రోజులే. టీబీ వస్తే, ఆపరేషన్ అయితే ఈఎస్ఐ నిజంగా ఆదుకుంటుంది, ఆ మాట కాదనను. చట్నీ పట్టే కుర్రాడిని ఆ ఒక్క పొద్దున ఇంట్లో పడుకోబెట్టగలిగింది మాత్రం 1988 చట్టంలోని ఆ 12 రోజులే. ఈఎస్ఐ వదిలేసిన రెండు రోజుల ఖాళీకి అచ్చంగా సరిపోతుంది.

ఓనర్ల మాట కూడా వినాలి. నాకు తెలిసిన హోటల్ యజమానులు దుర్మార్గులు కారు. అద్దెలు భగ్గుమంటున్నాయి. మామూలు రెస్టారెంటుకు 5 శాతం జీఎస్టీలో ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, కొన్న ప్రతి సరుకు మీదా కట్టిన పన్ను అలాగే మీద పడుతుంది. డెలివరీ యాప్‌ల కమీషన్ వేరే. వీటికంటే పెద్ద తలనొప్పి మనుషులే అంటారు. బిర్యానీ మాస్టర్ అడ్వాన్సు తీసుకుని పక్క వీధి హోటల్లో తేలతాడు. ఒడిశా నుంచి, బిహార్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్లు పండక్కి ఊరెళ్లి తిరిగి రారు. "సెలవు ఇస్తే అందరికీ సోమవారమే జ్వరమొస్తది" అని ఒకాయన నాతో అన్నాడు. ఆయన బాధలో నిజముంది. కానీ ఆ మాటనే తిరగేసి చూద్దాం. సెలవు లేని చోట మనిషి నిలబడడు. అడ్వాన్సుతో కట్టేయాల్సి వస్తోందంటే జీతం, సెలవు కట్టేయలేకపోతున్నాయని అర్థం. పది మంది సిబ్బంది ఉన్న హోటల్లో ఒక్కొక్కరూ ఏడాదిలో నాలుగైదు రోజులు నిజంగా జబ్బుపడి సెలవు తీసుకున్నా, మొత్తం మీద నలభై యాభై రోజుల కూలి. ఒక్క ఫుడ్ పాయిజనింగ్ ఘటనతో మూతపడే వారం రోజుల వ్యాపారం ముందు అదెంత?

పైగా అలాంటి ఘటన జరిగితే ఆహార భద్రత చట్టం ఏం చేస్తుందో చాలామంది ఓనర్లకు తెలియదు. అపరిశుభ్రంగా వండితే 56వ సెక్షన్ కింద గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు. పెద్ద హోటల్‌కు అది పెద్ద లెక్క కాదు. కానీ సురక్షితం కాని తిండి తిని మనిషి చనిపోతే 59వ సెక్షన్ కింద ఏడేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా జైలు. జరిమానా 10 లక్షలకు తగ్గదు. 65వ సెక్షన్ కింద కుటుంబానికి కనీసం 5 లక్షల పరిహారం, ముప్పై రోజుల్లో మధ్యంతర సాయం ఇవ్వాలి. లైసెన్సు లేకుండా నడిపితే ఇదివరకు జైలు శిక్ష కూడా ఉండేది. 2023 జన్ విశ్వాస్ సవరణతో అది పోయి 10 లక్షల దాకా జరిమానాగా మారింది. కంపెనీగా నడిచే హోటళ్లలో బాధ్యత మోయడానికి ఒక మనిషిని నామినీగా చూపే వీలు 66వ సెక్షన్‌లో ఉంది. ఆ నామినీ చాలాసార్లు మేనేజరే. తలుపు విరిగిన ఫ్రిజ్ బాగుచేయించే అధికారం అతనికి ఉండదు, సెలవు మంజూరు చేసే అధికారమూ ఉండదు. జైలుకు వెళ్లే పూచీ మాత్రం అతనిది.

రుజువు సంగతి మరీ కష్టం. నమూనా అందిన 14 రోజుల్లోగా అనలిస్టు నివేదిక ఇవ్వాలంటుంది చట్టం. జనం ఆస్పత్రిలో చేరే సమయానికి ఆ రోజు చట్నీ అయిపోయి ఉంటుంది, గిన్నె కడిగేసి ఉంటారు. కాబట్టి జరిగాక శిక్షించే దారి ఎప్పుడూ సన్నగానే ఉంటుంది. జరగకముందు ఆపే దారే వెడల్పు చేసుకోవాలి.

పక్కకు వెళ్తున్నాననుకోకపోతే ఇంకో సంగతి. 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలోని హోటళ్లు యజమానులు, సిబ్బంది పేర్లు బయట రాసిపెట్టాలని ఆదేశాలొచ్చాయి. జులై 22న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఏం వండుతారో రాయండి చాలు, పేర్లక్కర్లేదని చెప్పింది. ఆ ధర్మాసనంలో మన మదనపల్లెకు చెందిన జస్టిస్ ఎస్.వి.ఎన్.భట్టి ఉన్నారు. కేరళలో తానున్నప్పుడు ఒక ముస్లిం నడిపే శాకాహార హోటల్‌కు వెళ్లేవాడినని, అంతర్జాతీయ స్థాయి శుభ్రత పాటించడమే అందుకు కారణమని ఆయన విచారణలో చెప్పారు. వంటవాడి పేరు తెలిస్తే మన ప్లేటుకు ఒరిగేదేమీ లేదు. ఆ రోజు అతని ఒంట్లో ఎలా ఉందో తెలిస్తే ఒరుగుతుంది.

సర్వీస్ ఛార్జీ గొడవలోనూ సిబ్బంది పేరు మోగింది. బలవంతంగా వసూలు చేయొద్దని వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022 జులైలో మార్గదర్శకాలిస్తే రెస్టారెంట్ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. వంటగదిలో ఉండి టిప్పు అందుకోలేని సిబ్బందికి కూడా ఆ డబ్బు వెళ్తుందన్నది వాళ్ల వాదన. 2025 మార్చి 28న కోర్టు ఆ పిటిషన్లను కొట్టేసింది, రెండు సంఘాలకూ చెరో లక్ష ఖర్చులు వేసింది. తీర్పు సరైనదే. సిబ్బందికి ఇవ్వాల్సింది బిల్లు చివర్లో కస్టమర్ దయగా కాదు, జీతంగా, సెలవుగా ఇవ్వాలి.

బాల కార్మికుల విషయంలో మాత్రం చట్టం బతికించిందని చెప్పుకోవాలి. 2006 అక్టోబరు 10 నుంచి హోటళ్లు, ధాబాలు, టీకొట్లలో 14 ఏళ్లలోపు పిల్లలను పెట్టుకోవడం నిషేధం. 2016 సవరణతో దాదాపు అన్ని పనుల్లోనూ నిషేధమైంది. కప్పులు కడిగే చిన్నపిల్లలు పూర్తిగా మాయం కాలేదు. కానీ ఇరవై ఏళ్ల కిందటి వీధులతో పోలిస్తే తేడా కళ్లముందే ఉంది. అప్పట్లో అదీ అసాధ్యమనే అన్నారు. పోలీసులు, లేబర్ శాఖ, పిల్లల సంక్షేమ శాఖ కలిసి ఏటా జనవరిలో, జులైలో దాడులు చేయడం మొదలెట్టాకే కదిలింది. శాఖలు కలిస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అపాయింట్‌మెంట్ లెటర్ తప్పనిసరి, కనీస వేతనం అందరికీ, నెల ముగిసిన ఏడు రోజుల్లో జీతం లాంటివి అందులో ఉన్నాయి. హోటల్ కుర్రాడి చేతికి అపాయింట్‌మెంట్ లెటర్ అనే కాగితం నిజంగా వస్తే అదే పెద్ద మార్పు. కోడ్‌ల మీద సంఘాలకు ఎన్నో అభ్యంతరాలున్నాయి, చాలావాటితో నేను ఏకీభవిస్తాను. అదంతా ఇక్కడ చెప్పబోవడం లేదు. రాష్ట్రాల దుకాణాల చట్టాన్ని ఈ కోడ్‌లు రద్దు చేయలేదు, ఆ 12 రోజులు అలాగే ఉన్నాయి. నాకు కావాల్సింది అంతే.

కొత్త చట్టం అడగడం లేదు. కొత్త శాఖ అడగడం లేదు. ఫుడ్ సేఫ్టీ అధికారి చేతిలో ఉండే తనిఖీ పత్రంలో జబ్బుగా ఉన్నవాళ్లు తిండి ముట్టుకోవడం లేదు కదా అన్న అంశం ఇప్పటికే ఉంది. దానికి ఆయన టిక్కు పెట్టే ముందు ఒక్క కాగితం అడగాలి. గత ఆరు నెలల్లో ఎంతమందికి సుస్తీ సెలవిచ్చారు, ఆ రోజులకు జీతం కట్టారా? ముప్పై మంది పనిచేసే వంటగదిలో ఆరు నెలలుగా ఒక్కరికీ జ్వరం రాలేదంటే, ఒక్కరికీ విరేచనాలు కాలేదంటే, ఆ హోటల్లో అందరూ ఆరోగ్యవంతులని కాదు, జబ్బుతోనే పనిచేస్తున్నారని అర్థం. సున్నా కనిపించిన రిజిస్టరు బొద్దింక ఫొటో అంత గట్టి సాక్ష్యం. దాన్ని కూడా అలాగే పోస్టు చేయాలి. ఒక ప్రతి లేబర్ శాఖకు పంపాలి. లోపం సరిదిద్దమని నోటీసివ్వడానికి ఆహార చట్టంలోని 32వ సెక్షన్ ఆ శాఖలోని డెసిగ్నేటెడ్ ఆఫీసర్ చేతిలోనే ఉంది. వినకపోతే లైసెన్సు ఆపొచ్చు. సుస్తీ సెలవుల రికార్డు లేదు అన్న వాక్యం అలాంటి నోటీసులో ఒక్కసారి కనిపిస్తే చాలు, మర్నాటికి వీధి వీధంతా ఆ పుస్తకం కొంటారు.

తినేవాళ్లం మనమూ ఒకటి అడగొచ్చు. ఫ్రిజ్ శుభ్రంగా ఉందా అని అడుగుతున్నాం, ఏ నూనె అని అడుగుతున్నాం. గల్లాపెట్టె దగ్గర డబ్బు కడుతూ, మీవాళ్లకు జ్వరమొస్తే జీతంతో సెలవిస్తారా అని అడిగితే ఓనరు ఇబ్బందిగా చూస్తాడు. చూడనీయండి.

నేను అడిగాను, ఆలస్యంగా. ఆ సంఘటన జరిగిన రెండు వారాలకు మళ్లీ ఆ టిఫిన్ సెంటర్‌కు వెళ్లాను. గ్రైండర్ దగ్గర వేరే కుర్రాడున్నాడు. పాతవాడేడని ఓనరును అడిగితే, "వాడా? నాలుగు రోజులు పండుకుంటనన్నడు సార్, తీసేసిన" అన్నాడు. నల్లా దగ్గర ఇప్పటికీ సబ్బు లేదు.